షట్టర్ సగం దించి ఫోన్ చేశాను

మాది నూజివీడు. నాకు మెడికల్ షాపు ఉంది. 19 ఏళ్లుగా ఆ కౌంటర్ వెనకే నిలబడి ఉన్నాను కాబట్టి మా ఊళ్లో ఎవరికి షుగర్ ఎంతుందో, ఏ మాస్టారు రాత్రి పడుకునే ముందు ఏం వేసుకుంటారో, ఎవరింట్లో శుభవార్త రాబోతోందో వాళ్ల చుట్టాలకంటే ముందే నాకు తెలిసిపోతుంది. ఎవరికీ చెప్పను, అది వేరే సంగతి. కానీ తెలుస్తుంది. చీటీ చూస్తే మనిషి కనపడిపోతాడు. అందుకే నాకే చీటీ రాయించుకోవాల్సిన పరిస్థితి వచ్చినప్పుడు ఎవరి దగ్గర కూర్చోవాలి, ఎవరి కంట పడకుండా కూర్చోవాలి అన్నది అసలు జబ్బుని మించిన బెంగ అయిపోయింది.

పోయిన ఏడాది వానలు మొదలైన కొత్తల్లో ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి, షాపులో ఎవరూ లేరు, ఉన్నట్టుండి గుండె దడ మొదలైంది. చేతులు చల్లబడ్డాయి. ఊపిరి లోపలికి పోతోంది కానీ చాలట్లేదు. అయిపోయింది, ఇక్కడే దగ్గు సిరప్పుల మధ్య పడిపోతాను అనుకున్నా. పది నిమిషాల్లో తగ్గింది. గ్యాస్ అనుకుని గ్యాస్ మాత్ర వేసుకున్నా (మన దగ్గర గుండె నొప్పికైనా, పిల్ల పెళ్లి తప్పిపోయినా ముందు గ్యాసే). వారానికి మళ్లీ వచ్చింది. తర్వాత రెండు రోజులకోసారి. ఈసీజీ తీయించా, ఎకో తీయించా, థైరాయిడ్ కూడా చూపించా, అన్నీ బాగానే ఉన్నాయి. తెలిసిన డాక్టరు గారు రిపోర్టులు పక్కన పెట్టి, "గుండె బాగానే ఉందయ్యా, ఇది పానిక్, అదే ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం, అలాగుంది, ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించుకో" అన్నారు. ఆయన మెల్లగానే అన్నారు. నేను మాత్రం బయట బెంచీ మీద వాళ్లకి వినపడిందేమోనని వెనక్కి తిరిగి చూశాను.

బెజవాడ వెళ్తే బోలెడంతమంది సైకియాట్రిస్టులు. గంటన్నర ప్రయాణం, అదేం సమస్య కాదు. సమస్య ఏంటంటే, ఆ డాక్టర్ల వెయిటింగ్ హాల్లో బ్యాగు పట్టుకుని నిలబడే మెడికల్ రెప్పులే, అంటే మందుల కంపెనీల మనుషులే, నెలకోసారి నా షాపుకీ వస్తారు. వాళ్లలో ఒక్కడు నన్ను అక్కడ కుర్చీలో చూశాడంటే సాయంత్రానికి హనుమాన్ జంక్షన్ నుంచి తిరువూరు దాకా ఉన్న షాపులన్నిటికీ వార్త అందుతుంది. మరీ అతిగా ఆలోచిస్తున్నానని మీకు అనిపించొచ్చు. ఆ జబ్బు లక్షణమే అది కదా.

ఒక రాత్రి షాపు కట్టేసే వేళ, కుర్రాణ్ణి పంపించేసి, షట్టర్ సగం దించి, స్టూలు మీద కూర్చుని 14416కి ఫోన్ చేశాను. ఆ నంబరు ఉన్న పోస్టరు నా షాపు గోడకే అంటించి ఉంది, ఎవరో ఇస్తే అంటించాను, అంతకుముందు ఒక్కసారి కూడా దాన్ని పూర్తిగా చదవలేదు. టెలీ మానస్ అంటారు దాన్ని, మనసు బాగోనివాళ్లతో ఫోన్‌లో మాట్లాడే సర్కారు సేవ. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది, వెనకుండి నడిపించేది బెంగళూరులో ఉన్న మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్. డబ్బులు కట్టక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. భాష ఏదో నొక్కమంది, నొక్కాను. కాసేపటికి ఒకావిడ "నమస్కారమండీ, చెప్పండి" అంది.

నేను అన్న మొదటి మాట: "మా ఫ్రెండ్‌కి ఒక సమస్యండీ."

ఆవిడకి అర్థమైపోయిందని ఇప్పుడు తెలుస్తోంది. ఏమాత్రం బయటపడకుండా, "మీ ఫ్రెండ్ ఇప్పుడు ఎలా ఉన్నారండీ, భోజనం చేశారా?" అని అడిగింది. చేయలేదన్నాను. నిద్ర పడుతోందా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలేమైనా వస్తున్నాయా అని, చాలా మామూలుగా, జ్వరం ఎన్నాళ్లనుంచి అన్నట్టు అడిగింది. లేవన్నాను. ఇరవై నిమిషాలు మాట్లాడేసరికి ఆ ఫ్రెండు ఎప్పుడు నేనైపోయాడో నాకే తెలియదు. నాలుగంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరంకెలు లెక్కపెడుతూ వదలమంది. మందుల అరల మధ్య కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకుంటుంటే షట్టర్ కింద నుంచి ఒక తల వంగి, "అన్నా, ఒక్క పారాసిటమాల్" అంది. ఇచ్చి పంపించాను.

రెండు రోజుల తర్వాత వాళ్లే ఫోన్ చేశారు, ఎలా ఉన్నారని. అప్పుడు కౌంటర్ దగ్గర ఆరుగురున్నారు. "ఆఁ ఆఁ, స్టాక్ రేపు వస్తుందండీ" అని పెట్టేశాను. సాయంత్రం నేనే చేసి క్షమించమన్నాను. ఇలా అప్పుడప్పుడు కాకుండా వారం వారం ఒకే మనిషితో మాట్లాడితే మంచిదని చెప్పారు.

సరే, ఫోన్‌లోనే కౌన్సెలింగ్ చేసే ఒక యాప్ వేసుకున్నా. పేరు అనవసరం. మొదటి సెషన్‌లో ఉన్నాయన నాకంటే పదేళ్లు చిన్న, మాట్లాడేది ఇంగ్లీషు, మధ్యలో నా కోసం తెలుగు. "మీ భావోద్వేగాలను మీరు అంగీకరించాలి" అన్నాడు. మంచి మాటే అయ్యుంటుంది, నాకు మాత్రం బ్యాంకు వాళ్ల రికార్డెడ్ కాల్ విన్నట్టుంది. రెండో సెషన్‌కి ఆయన బదులు ఇంకెవరో వచ్చారు, మళ్లీ మొదటినుంచి చెప్పమన్నారు. మూడోదానికి నేను వెళ్లలేదు.

ఇక్కడ నా షాపు బుద్ధి ఒకటి పనికొచ్చింది. చీటీ చేతికొస్తే మేం ముందు మందు పేరు చూడం, కింద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు చూస్తాం. అదే పని ఇక్కడెందుకు చేయలేదా అనిపించింది. కౌన్సెలర్ అని చాలామంది బోర్డు పెట్టేసుకుంటారు, క్లినికల్ సైకాలజిస్టు అనాలంటే మాత్రం రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్లో పేరుండాలి, ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవచ్చు. వాళ్లు మందులు రాయరు, మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత ఆ చదువు చదివిన డాక్టరు. ఈ తేడా మందుల షాపు నడిపే నాకే సరిగ్గా తెలియదంటే మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అలా వెతికి హైదరాబాద్‌లో ఉండే ఒక మేడమ్‌ని పట్టుకున్నా. తెలుగావిడ. సెషన్‌కి 1,000 రూపాయలు, 50 నిమిషాలు, గురువారం సాయంత్రం ఐదింటికి.

మొదటి రోజు ఆవిడ అడిగిన ప్రశ్నలు నాకు వింతగా అనిపించాయి. ఇప్పుడు మీరు కూర్చున్న చోటు ఎక్కడ? ఊరు కాదు, సరిగ్గా ఎక్కడ? పక్కన ఎవరైనా ఉన్నారా? లైన్ కట్ అయితే నేను చేయనా, మీరు చేస్తారా? ఏదైనా అవసరం వస్తే నేను ఫోన్ చేయదగిన మీ మనిషి నంబరు ఒకటి ఇస్తారా? ఇదేంటి, లోన్ ఇస్తున్నట్టు అన్నీ అడుగుతోంది అనుకున్నా. తర్వాత ఆవిడే చెప్పింది: ఎదురుగా ఉంటే మీరు కళ్లు తిరిగి పడిపోతే నేను నీళ్లు చల్లగలను, ఇక్కడినుంచి నేను చేయగలిగిందల్లా మీరెక్కడున్నారో తెలిసి ఉండి ఎవరో ఒకర్ని పంపించడమే కదండీ అని. ఇప్పటికీ ప్రతి గురువారం మొదటి ప్రశ్న అదే, "ఎక్కడున్నారండీ?"

రికార్డు చేస్తారా అని నేనూ అడిగాను. చేయను, నోట్సు రాసుకుంటాను, అది నా దగ్గరే ఉంటుంది, మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే తప్ప ఎవరికీ చెప్పను అంది. 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఈ గోప్యత గురించి రాసుందట. చట్టం సంగతెలా ఉన్నా, ఈవిడ నా షాపుకి ఎప్పుడూ రాదు, మా వీధిలో పెళ్లికి రాదు, అది నాకు ఇంకా గట్టి హామీలా అనిపించింది.

ఇక అసలు కష్టం. ఎక్కడ కూర్చుని మాట్లాడాలి?

ఫోన్ కౌన్సెలింగ్ అనగానే అందరూ సిగ్నల్ గురించి మాట్లాడతారు. నన్నడిగితే సిగ్నల్ కంటే తలుపు ముఖ్యం. మన ఇళ్లలో పట్టపగలు తలుపేసుకున్నారంటే గొడవైందని అర్థం. మాది రెండు బెడ్రూముల ఇల్లు, హాల్లో అమ్మ, టీవీలో సీరియల్, పిల్లలకి ట్యూషన్ టైము. మొదటివారం గదిలోకెళ్లి గడియ పెడితే నాలుగో నిమిషానికి అమ్మ తలుపు కొట్టింది, "ఒరేయ్, ఏమైందిరా, ఒంట్లో బాలేదా?" అని. బాలేదనే కదా లోపల కూర్చుంది. రెండోవారం డాబా మీదికెళ్లా. పక్క డాబా మీద పిన్నిగారు వడియాలకి కాపలా కాస్తోంది, నేను ఫోన్ పట్టుకుని అటూ ఇటూ నడుస్తుంటే ఆవిడా కుర్చీ అటూ ఇటూ జరుపుకుంది. బాత్రూములో ప్రయత్నించా, నా గొంతు నాకే రెండుసార్లు వినపడింది. షాపులో కుదరదు, షట్టర్ సగం దించితే లోపల మనిషున్నాడని ఊరందరికీ తెలుసు, పూర్తిగా దించితే నాకు మళ్లీ ఊపిరాడదు. ఒకవారం రైతుబజారు వెనక బండి ఆపుకుని దాని మీదే కూర్చుని మాట్లాడాను, ముగ్గురు ఆగి "పెట్రోలు అయిపోయిందా?" అని అడిగారు. మంచివాళ్లు. మంచివాళ్లతోనే ఇబ్బంది.

చివరికి మా స్నేహితుడి మామిడి తోట. ఊరికి నాలుగు కిలోమీటర్లు. చిన్న రసాలు, బంగినపల్లి చెట్లు, నాన్నల కాలం నాటివి. కాయలు దిగిపోయాక అటు ఎవరూ రారు. ఒక చెట్టుకి కొమ్మ బాగా కిందికి వంగి ఉంటుంది, దానిమీద కూర్చుంటే రెండు గీతల సిగ్నల్ వస్తుంది, లేచి నిలబడితే మూడు. ఆగస్టు నుంచి అదే నా కన్సల్టేషన్ రూము. వాన పడితే బండి మీద కవరు కప్పుకుని మాట్లాడినరోజులు కూడా ఉన్నాయి.

మొదట్లో వీడియో పెట్టేవాళ్లం. నాకు అసలు కుదరలేదు. ఆవిడ ముఖం కంటే మూలన చిన్న డబ్బాలో నా ముఖమే చూసుకుంటూ కూర్చునేవాణ్ణి, అబ్బా ఎంత నెరిసిపోయింది జుట్టు అనుకుంటూ. పైగా ఒకసారి నేను మా నాన్న పోయినప్పటి సంగతి చెబుతూ ఏడుస్తున్నాను, నెట్ ఆగిపోయి, మేడమ్ సగం కళ్లు మూసుకుని నోరు తెరిచిన బొమ్మలా నిలిచిపోయింది. ఏడుపు ఆగి నవ్వొచ్చింది. తర్వాతివారం నుంచి ఒప్పందం చేసుకున్నాం: మొదటి ఐదు నిమిషాలు వీడియో, ఆ తర్వాత మామూలు ఫోన్. ఆ ఐదు నిమిషాలు ఆవిడకి కావాలి. బరువు తగ్గానా, గడ్డం గీసుకున్నానా, చెయ్యి వణుకుతోందా, ఇవన్నీ గొంతులో తెలియవు కదా. మిగతాది నాకు కావాలి. కళ్లల్లోకి చూస్తూ చెప్పలేని మాటలు చెట్టు బెరడు గోకుతూ చెప్పొచ్చు.

చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆరోవారమో ఏడోవారమో చెప్పాను.

2021 మే. సెకండ్ వేవ్. పల్స్ ఆక్సీమీటర్లు ఎక్కడా దొరకట్లేదు, హోల్‌సేల్ వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. నా దగ్గర చివరికి ఒక్కటే మిగిలింది. అమ్మకి అప్పటికి 71, మా ఆవిడకి అప్పుడే పాజిటివ్ వచ్చింది, దాన్ని కౌంటర్ కింద సొరుగులో పెట్టేశాను, రాత్రి ఇంటికి తీసుకెళ్దామని. మా వీధి చివర ఆటో నడిపే అతను వచ్చాడు. వాళ్లమ్మకి ఆయాసంగా ఉందట, ఆక్సిజన్ ఎంతుందో చూస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాలో వద్దో తెలుస్తుంది, ఒకటుంటే ఇవ్వన్నా అన్నాడు. లేదన్నాను. సొరుగు నా మోకాలికి తగులుతోంది. ఐదు రోజులకి వాళ్లమ్మ పోయింది.

అతను ఇప్పటికీ నా షాపుకే వస్తాడు. బీపీ మాత్రలు తీసుకుంటాడు. "బాగున్నావా అన్నా" అంటాడు. నాకు అతని ముందు ముఖం చెల్లదు. నాలుగేళ్లుగా ముఖం చెల్లకుండానే చిల్లర తిరిగిచ్చాను.

ఇంతా చెప్పాక అవతల ఏ శబ్దమూ లేదు. ఫోన్ చెవి దగ్గరనుంచి తీసి చూశాను, కాల్ నడుస్తూనే ఉంది. "హలో? మేడమ్? హలో?" అన్నాను.

"ఉన్నానండీ. వింటున్నాను" అంది.

ఫోన్‌లో మౌనం అంటే ఏంటో ఆ రోజు తెలిసింది. ఎదురుగా కూర్చుంటే మౌనం ఒక పలకరింపు, కళ్లు కనపడతాయి, మంచినీళ్ల గ్లాసు జరుపుతారు. ఫోన్‌లో మౌనం అంటే లైన్ కట్టయినట్టు. ఆవిడా అది గమనించినట్టుంది, అప్పటినుంచి నేను ఏదైనా బరువైన సంగతి చెబుతుంటే మధ్యమధ్యలో "ఊఁ" అంటుంది. అంతే. మా నాయనమ్మ కథ చెప్పేటప్పుడు మేం ఊఁ కొట్టకపోతే ఆపేసేది, నిద్రపోయారేమో అనుకుని. నేనూ అంతే, ఊఁ వినపడితేనే ముందుకెళ్లగలను. నాకైతే ఆవిడ చదివిన చదువులో సగం ఆ ఊఁ లోనే ఉన్నట్టుంటుంది.

"మీ తప్పేం లేదు" అని ఆవిడ అనలేదు. అనుంటే ఫోన్ పెట్టేసేవాణ్ణి. ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారు, మా ఆవిడకి ఎంత చూపిస్తోంది, అతను వచ్చినప్పుడు షాపులో ఇంకెవరైనా ఉన్నారా అని ఒక్కొక్కటే అడిగింది. తర్వాత, అతను మామూలుగా ఏ టైముకి వస్తాడండీ అంది. ఆటో స్టాండ్‌లో పెట్టి అన్నానికి వెళ్తూ వస్తాడు, ఒంటిగంటన్నర, రెండు. మొదటిసారి దడ వచ్చింది మధ్యాహ్నం రెండింటికి అన్నారు కదా అంది. కథ అక్కడితో తేలిపోయిందని చెప్పడానికి ఇదేం సినిమా కాదు. నేను డైరీలో రాసుకున్న వాటితో సరిచూస్తే కొన్నిసార్లు సరిపోయింది, చాలాసార్లు సరిపోలేదు, రాత్రి పదకొండింటికి మంచం మీద వచ్చినవాటికి అతనేం చేస్తాడు. అయినా రెండు గంటలంటే భయపడే కారణం ఒకటి ఉందని తెలిశాక ఆ రెండు గంటలు కాస్త పలచబడ్డాయి.

ఇంకో విషయం ఉంది, ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మందులమ్మేవాడికి దడ వస్తే ఏం చేస్తాడు? చెయ్యి చాపితే అందే దూరంలో ఆల్ప్రాజోలం, అంటే దడ తగ్గించి నిద్ర పట్టించే మాత్ర, ఉంది. తెలిసిన డాక్టరు గారి దగ్గర నిద్ర పట్టట్లేదని చెప్పి పది మాత్రలకి చీటీ రాయించుకున్నా. నేను వేసుకున్నవి పది కావు. అది షెడ్యూల్ హెచ్1 మందు, ఎవరు రాశారో ఎవరికిచ్చామో రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఆ లెక్క నేను ఎలా సర్దానన్నది ఇక్కడ రాయను, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ గారు కూడా నెట్ వాడతారు. మేడమ్ రెండుసార్లు అడిగింది, ఏమైనా మాత్రలు వాడుతున్నారా అని. రెండుసార్లూ లేదన్నాను. మూడోసారి "మీ షాపులోవి ఏమైనా?" అంది. అప్పుడు చెప్పాను. ఫోన్ కాబట్టి అబద్ధం తేలిక, నిజమా అదీ తేలికే, రెండిటికీ ముఖం అక్కర్లేదు.

ఆవిడ వెంటనే, ఇది నా పరిధి కాదండీ, సైకియాట్రిస్టుని కలవాలి, అదీ ఫోన్‌లో కాదు, నేరుగా వెళ్లాలి, మీ అంతట మీరు ఆపేయకండి అంది. ఆపేయకూడదని నాకూ తెలుసు, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ దాకా రావచ్చని కస్టమర్లకి నేనే చెబుతుంటాను. ఫోన్‌లో ఎందుకు కుదరదో కూడా మా లైనులో ఉన్నవాళ్లకి తెలుసు. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి, అప్పటినుంచే మాకు వాట్సాప్ చీటీలు పెరిగాయి. అందులోనే ఉంది, మాదకద్రవ్యాల చట్టం కిందికొచ్చే మందులు ఫోన్ కన్సల్టేషన్‌లో రాయకూడదని. ఆల్ప్రాజోలం ఆ చట్టం కిందిదే. అలా, ఎవరి కంటా పడకూడదని ఇన్ని తిప్పలు పడినవాణ్ణి చివరికి బెజవాడ వెయిటింగ్ హాల్లో కూర్చున్నాను. ఊహించినట్టే ఒక రెప్పు వచ్చాడు. నన్ను చూశాడు. నా పక్కన కూర్చుని మెల్లగా, "నేనూ ఈయన దగ్గరే సార్, రెండేళ్లనుంచి" అన్నాడు. ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు. డాక్టరు గారు సగం మాత్ర, పావు మాత్ర అని లెక్కవేసి రెండు నెలల్లో మాన్పించారు, బదులుగా వేరే మందు రాశారు. దాన్ని మాత్రం నా షాపులో తీసుకోను, బెజవాడలోనే కొంటాను.

ఈలోగా ఇంట్లో ఒక తమాషా జరిగింది. మా బ్యాంకు మెసేజీలు మా ఆవిడ ఫోన్‌కి కూడా వెళ్తాయి, ఎప్పుడో హోమ్ లోన్ అప్పుడు పెట్టింది. ప్రతి గురువారం 1,000 రూపాయలు, ఒకే ఆడమనిషి పేరుకి. ప్రతి గురువారం సాయంత్రం ఆయన బండేసుకుని ఊరి బయట మామిడి తోటకి. ఫోన్ చేస్తే బిజీ. మీరే చెప్పండి, ఎవరికైనా ఏమనిపిస్తుంది? మూడు నెలలు ఏమీ అనలేదు పాపం. ఒకరోజు రాత్రి అన్నం పెడుతూ, "ఏవండీ, ఆవిడది ఏ ఊరు?" అంది. నాకు ముద్ద దిగలేదు. తప్పు పట్టుబడ్డవాడికి ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది నాకు, చేసిన తప్పేమీ లేకపోయినా. చెప్పాను, ఆక్సీమీటర్ సంగతి తప్ప అంతా. మొదట నమ్మలేదు, మేడమ్ రిజిస్ట్రేషన్ చూపిస్తే నమ్మింది. నమ్మాక ఏడ్చింది. "నాకు చెప్పుకోలేనిది ఆవిడకెలా చెప్పుకున్నారు?" అంది. దానికి జవాబు నా దగ్గర లేదు. నీకు చెప్తే రేపు పొద్దున్న నీ ముఖమే చూడాలి, ఆవిడకి చెప్తే ఫోన్ పెట్టేయొచ్చు అని చెప్పబోయి ఊరుకున్నాను. తర్వాతివారం మాత్రం ఒక మార్పొచ్చింది, గురువారం ఐదింటి వేళ అమ్మ ఫోన్ చేస్తే మా ఆవిడే ఎత్తి "ఆయన స్టాక్ పని మీద వెళ్లారత్తయ్యా" అంటోంది.

మా బావమరిది డాలస్‌లో ఉంటాడు, వాడికీ తెలిసిపోయింది (అక్కకి తెలిస్తే తమ్ముడికి తెలిసినట్టే). నన్ను వెక్కిరిస్తాడనుకుంటే, "బావా, నేనూ ఏడాదిగా వెళ్తున్నాను, వీడియోలోనే" అన్నాడు. అక్కడ సైకాలజిస్టుకి లైసెన్సు రాష్ట్రం ప్రకారం ఉంటుందట, అదీ డాక్టరుండే చోటుని బట్టి కాదు, పేషెంటు కూర్చున్న చోటుని బట్టి. వీడు ఆఫీసు పని మీద వేరే రాష్ట్రం వెళ్లి హోటల్ గదిలోంచి కాల్ చేస్తే, ఆవిడకి అక్కడి లైసెన్సు లేదని ఆ వారం సెషన్ వద్దంది. వాడి బాధ ఇంకొకటి. అంతా ఇంగ్లీషులో చెప్పాలి. అమ్మ మీద అలిగాను అన్నదాన్ని ఎలా చెప్పాలో తెలీక కోపం వచ్చిందన్నాడట, ఆవిడ నాలుగు వారాలు వాడి కోపం మీద పని చేసింది. అలక వేరు, కోపం వేరు అని ఆవిడకి చెప్పడానికి వాడికి ఇంకో నెల పట్టింది. నాకు ముఖం చెల్లదు అన్న మాట ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే నేను ఇంకా గ్యాస్ మాత్రలే మింగుతుండేవాణ్ణి.

ఇప్పుడు ఎలా ఉన్నానంటే, నెలకి ఒకటో రెండో వస్తాయి. వచ్చినా కూర్చుని లెక్కపెట్టుకుంటాను. సెషన్లు వారానికి ఒకటి కాకుండా రెండు వారాలకి ఒకటయ్యాయి. ఆటో అతనికి చెప్పాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. మేడమ్ చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. చెప్తే ఎవరి బరువు దిగుతుంది, ఎవరి మీద పడుతుంది అని మాత్రం అడిగింది, అక్కడ ఆగాం.

పోయిన గురువారం తోటకి వెళ్లేసరికి కొమ్మ దగ్గర మంచం వేసి ఉంది. కాయ ముదిరింది కదా, కాపలా. పెద్దాయన, తలపాగా, పక్కన కర్ర. అయ్యో, ఈ రెండు నెలలూ ఇక్కడ కుదరదు, ఇంకో చోటు వెతుక్కోవాలి అనుకుంటూ పలకరించాను.

"ఎప్పుడొచ్చావు తాతా, ఇవాళేనా?"

"ఇవాళెక్కడండీ, పూత కాడినుంచీ ఉన్నాను. అదుగో, ఆ పాకలో."

పాక అక్కడికి నాలుగు చెట్ల దూరం. ఆకుల మాటున ఉంది, ఇన్నాళ్లూ అది ఖాళీ అనుకున్నాను. పూత అంటే సంక్రాంతి రోజులు. లెక్క వేసుకుంటే నాకు చెమటలు పట్టాయి. అప్పుడు గుర్తొచ్చింది, సంక్రాంతి తర్వాత ఒకటి రెండుసార్లు మేడమ్ "పాటలేవో వినపడుతున్నాయండీ" అంటే, పక్క చేలో ఎవరో పెట్టుకున్నారండీ అని చెప్పాను.

"అయితే నేను మాట్లాడేది..."

"మీరు గురువారం గురువారం వస్తారు కదండీ బాబుగారూ. ఒక్కోసారి ఏడుస్తారు. మనకెందుకులే అని సెల్లులో పాటలు పెట్టుకుంటాను" అన్నాడు. అని లేచి, మంచం ఎత్తి తల మీద పెట్టుకుని పాక అవతలికి నడిచాడు. వెళ్తూ వెళ్తూ, మోకాళ్ల నొప్పులకి పూతమందేదైనా ఉంటే ఈసారి వచ్చేటప్పుడు తెమ్మన్నాడు.

ఐదైంది. ఫోన్ మోగింది. "ఎక్కడున్నారండీ?" అంది మేడమ్.

"తోటలోనేనండీ" అన్నాను. "పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే, ఒక క్షణం ఆగి, ఉన్నారని చెప్పాను. అప్పటికే అవతలనుంచి పాట మొదలైంది.